ర్యాంప్ మోడల్‌గా మొదలుపెట్టాలంటే ముందే పోర్ట్‌ఫోలియో చేయించుకోవాలా?

ర్యాంప్ మీద నడవాలనుకునే కొత్తవారికి మొదట ఏమేం కావాలి, మోడళ్ళకు పని ఇప్పించే ఏజెన్సీకి వెళ్ళే ముందే ఖర్చు పెట్టి పోర్ట్‌ఫోలియో, అంటే ఫొటోల ఆల్బమ్, చేయించుకోవాలా అని మీరు అడిగారు. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే నేను నష్టపోయింది అక్కడే. అవసరం లేదు. పంతొమ్మిదేళ్ళ వయసులో ఒక శిక్షణ సంస్థ మాట నమ్మి, ఇంట్లోవాళ్ళ చేత అప్పు చేయించి మరీ, దట్టమైన మేకప్‌తో, రకరకాల దుస్తులతో నలభై ఫొటోల ఆల్బమ్ తయారు చేయించుకున్నాను. నేను వెళ్ళిన మొదటి ఏజెన్సీలో దాన్ని రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టి, ముఖం కడుక్కుని, జుట్టు వెనక్కి ముడి వేసుకుని, కిటికీ వెలుతురులో తెల్లగోడ ముందు నిలబడమన్నారు. ఐదు నిమిషాల్లో ఫోన్‌తో తీసిన ఆ ఫొటోలే నాకు మొదటి పని తెచ్చిపెట్టాయి.

వాటినే ఈ రంగంలో డిజిటల్స్ అంటారు. ఒకప్పుడు పోలరాయిడ్ కెమెరాతో తీసేవారు కాబట్టి పాతవాళ్ళు ఇప్పటికీ పోలరాయిడ్స్ అనే పిలుస్తారు. ఒంటికి అమరిన సాదా బనియను, ప్యాంటు వేసుకుని, ముఖం దగ్గరగా ఒకటి, పక్కనుంచి ఒకటి, ముందునుంచీ వెనకనుంచీ నిలువెత్తు ఫొటోలు తీయించుకుంటే చాలు. ఫిల్టర్లు వాడకండి. చూసేవారికి కావలసింది మీ ఎముకల తీరు, చర్మం, నిలబడే పద్ధతి. పోర్ట్‌ఫోలియో, కాంప్ కార్డ్ (కొన్ని ఫొటోలూ కొలతలూ ఉండే చిన్న కార్డు) లాంటివి ఏజెన్సీ మిమ్మల్ని తీసుకున్న తరువాత వారి సలహాతోనే తయారవుతాయి.

ఎత్తు గురించి దాపరికం లేకుండా చెప్పాలి. అంతర్జాతీయ ర్యాంప్ మీద సాధారణంగా స్త్రీలకు 175 నుంచి 180 సెంటీమీటర్లు, పురుషులకు 183 నుంచి 190 సెంటీమీటర్ల ఎత్తు ఆశిస్తారు. డిజైనర్లు ప్రదర్శనకు ముందు ప్రతి దుస్తునూ ఒకే నమూనా కొలతతో కుట్టిస్తారు కాబట్టి, ఆ దుస్తుకు సరిపోయే మనిషి కోసమే వెతుకుతారు. పేరుపొందిన బ్రిటిష్ మోడల్ కేట్ మాస్ ఎత్తు సుమారు 170 సెంటీమీటర్లే అని అందరూ ఉదాహరణ చూపుతారు. నిజమే, కానీ ఆమెను అందరూ గుర్తుపెట్టుకోవడానికి కారణమే ఆమె మినహాయింపు కావడం. ఎత్తు తక్కువైనవారికి వాణిజ్య ప్రకటనల్లో, కేటలాగ్ పనుల్లో చక్కని అవకాశాలున్నాయి. కొలతల్లో మాత్రం అబద్ధం వద్దు. నేను ఒకసారి రెండు సెంటీమీటర్లు కలిపి రాసుకున్నాను. ఫిట్టింగ్ రోజున ప్యాంటు అంచు నేలను రాసుకోవడం చూసిన దర్జీ ఏమీ అనకుండా టేపు తీశాడు. ఆ సాయంత్రానికి నా స్థానంలో మరొకరు వచ్చారు.

ఇక నడక. నా ఉద్దేశంలో డబ్బుతో కాక ఓపికతో సంపాదించుకోవలసింది ఇదొక్కటే, అందుకే దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. నిలువుటద్దం కంటే వీడియో మేలు, ఎందుకంటే అద్దంలో చూసుకుంటూ నడిస్తే మెడ మీకు తెలియకుండానే ముందుకు వంగుతుంది. భుజాలు దించి, చూపును కంటి మట్టంలో దూరంగా నిలిపి, చేతులను వాటి మానాన వదిలేసి, రోజూ అరగంట నడవండి. తుంటిని కావాలని ఊపడం ఇప్పుడు చాలామంది డిజైనర్లు ఇష్టపడరు. తెరవెనుక ఇచ్చే బూట్లు మీ కొలతవి కాకపోవచ్చు కనుక, కాస్త వదులైన హీల్స్‌తోనూ, బిగుతైనవాటితోనూ, పాదాలను కప్పేసే పొడవాటి గౌనుతోనూ సాధన చేయండి. 1993లో డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్ ప్రదర్శనలో సూపర్‌మోడల్ నవోమీ క్యాంప్‌బెల్ ఎత్తైన బూట్లతో కిందపడి, నవ్వుతూ లేచి నడిచారు. అంతటి నడకగలవారికీ అది తప్పలేదు కాబట్టి, పడతానేమో అన్న భయాన్ని పెద్దది చేసుకోకండి.

ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు నేను చూడమనే మొదటి గుర్తు ఒక్కటే: నిజమైన ఏజెన్సీ మీ సంపాదనలో కమీషన్ తీసుకుంటుంది, చేర్చుకోవడానికి రుసుము అడగదు. న్యూయార్క్ రాష్ట్రంలో 2025 జూన్‌లో అమల్లోకి వచ్చిన చట్టం మోడల్ నుంచి తీసుకునే కమీషన్‌ను 20 శాతానికి పరిమితం చేసి, ముందస్తు డిపాజిట్లను నిషేధించింది. మీరు ఎక్కడున్నా దీన్ని కొలబద్దగా పెట్టుకోవచ్చు. ఒప్పందంలో కాలపరిమితి, ఏ ప్రాంతానికి వర్తిస్తుంది, విరమించుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఫొటోలకూ బసకూ అయిన ఖర్చును మీ ఖాతాలో అప్పుగా రాస్తారా అన్నవి సంతకానికి ముందే చదవండి. చివరి అంశం నేను చదవలేదు. మొదటి ఏడాది సంపాదనలో చాలాభాగం ఆ ఖాతాకే పోయింది.

బరువు తగ్గమని ఒత్తిడి చేసేవారు ఎదురవుతారు. ఫ్రాన్సులో మోడల్‌గా పనిచేయాలంటే వైద్యుడి ధ్రువపత్రం ఉండాలని చట్టమే చెబుతోంది. 2017లో ఎన్నో ఖరీదైన ఫ్యాషన్ బ్రాండ్లు గల ఎల్‌వీఎంహెచ్, కెరింగ్ సంస్థలు పెద్దల దుస్తుల ప్రదర్శనల్లో పదహారేళ్ళ లోపువారిని తీసుకోబోమని ప్రకటించాయి. తిండి మానేస్తేనే దొరికే పనిని వదులుకోండి, ఈ మాట చాలా గట్టిగా చెబుతున్నాను.

డిజిటల్స్ సిద్ధమయ్యాక సరైన కొలతలతో కలిపి ఏజెన్సీల వెబ్‌సైట్ల ద్వారానే పంపండి. మొదటి ముఖాముఖికి ఇంట్లోవాళ్ళను ఒకరిని వెంట తీసుకువెళ్ళండి. జవాబు రాకపోతే కొన్ని నెలల తరువాత కొత్త ఫొటోలతో మళ్ళీ పంపవచ్చు. నేను ఎక్కువకాలం పనిచేసిన ఏజెన్సీ అంతకుముందు నన్ను రెండుసార్లు కాదన్నదే.