టెక్ సందేహాలు: పొద్దున్నే ఎర్రలైటు, పదింటికి పచ్చలైటు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. చలికాలం మొదలైన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే ఇన్వర్టర్‌లో ఎర్రలైటు వెలిగి ‘ఐసో ఫాల్ట్’ అని వస్తోంది. పది దాటాక దానంతటదే సర్దుకుంటోంది. కంపెనీ కుర్రాడు వచ్చి అంతా బాగానే ఉందన్నాడు. మా ఎలక్ట్రీషియనేమో ప్యానెళ్ల ఎర్త్ వైరు తీసేస్తే ఎర్రర్ పోతుందంటున్నాడు. తీయించమంటారా?

జవాబు: తీయించకండి. ‘ఐసో ఫాల్ట్’ అంటే ప్యానెళ్ల కరెంటు ఎక్కడో ఎర్త్‌లోకి లీకవుతోందని హెచ్చరిక. వైరు తీస్తే ఎర్రర్ పోవచ్చు, లీకేజీ మాత్రం అక్కడే ఉంటుంది. ఎర్త్ లేని ఫ్రేమును పొద్దున్నే తడిచేత్తో ముట్టుకున్నవాళ్ల ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోతుంది. ఆ సలహా ఇచ్చినాయన్ని ఈ పనికి మళ్లీ పిలవకపోవడమే మంచిది.

ఇళ్లలో వాడే మామూలు ఇన్వర్టర్లలో ప్యానెళ్ల ప్లస్ వైరు, మైనస్ వైరు రెండూ భూమికి తగలకుండా ఉండాలి. అందుకే రోజూ గ్రిడ్‌కు కలిసే ముందు ఇన్వర్టర్ ఆ వైర్లకూ ఎర్త్‌కూ మధ్య రెసిస్టెన్స్ కొలుచుకుంటుంది. 600 వోల్టుల ఇన్వర్టర్‌కు ప్రమాణాల ప్రకారం అది కనీసం 20 కిలో ఓములు ఉండాలి. చాలా కంపెనీలు ఇంకా ఎక్కువే పెట్టుకుంటాయి. అంతకన్నా తగ్గితే ఇన్వర్టర్ స్టార్ట్ అవ్వదు. మీ ఇంట్లో జరుగుతున్నది అదే. రాత్రి కురిసిన మంచు వైర్లను కలిపే ఏ పగిలిన కనెక్టర్లోకో, ఉడుత కొరికిన వైరులోకో చేరుతోంది. ఎండెక్కి ఆరగానే అంతా మామూలైపోతోంది.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు, ఆరిపోయాక వచ్చాడంతే. ఈసారి ఎర్రలైటు ఉండగానే, ఏడింటికల్లా రమ్మనండి. రానంటే రోజూ ఎర్రర్ కనిపిస్తున్న స్క్రీన్‌ను టైముతో సహా ఫొటో తీసి పంపండి.

వచ్చినతను ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ వైర్లను ఇన్వర్టర్ నుంచి విడదీసి, మల్టీమీటర్‌తో ప్లస్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎన్ని వోల్టులు, మైనస్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎన్ని వోల్టులు ఉన్నాయో చూస్తాడు. ఎక్కడా లీకేజీ లేకపోతే ఆ అంకెలు నిలకడగా ఉండవు, సున్నా వైపు జారిపోతాయి. నిలబడ్డాయంటే లీకేజీ ఉన్నట్టే, ఎక్కడుందో కూడా అవే చెబుతాయి. ఉదాహరణకు ఆరు ప్యానెళ్లు, ఒక్కోటి 48 వోల్టులు, మొత్తం 288 అనుకుందాం. ప్లస్ వైపు 192, మైనస్ వైపు 96 చూపిస్తే 96ను 48తో భాగించండి. రెండు. అంటే మైనస్ వైపు నుంచి లెక్కపెడితే రెండో ప్యానెల్‌కూ మూడోదానికీ మధ్య వైరు దగ్గర తేడా ఉంది. ఆరు ప్యానెళ్లూ ఊడదీయక్కర్లేదు. లెక్క మీరు వేసుకోవచ్చు కానీ మీటర్ మాత్రం పట్టుకోకండి. దాదాపు 300 వోల్టుల డీసీ అది. ఇంట్లో మెయిన్ ఆపినా వెలుతురు ఉన్నంతసేపూ ఆ వైర్లలో కరెంటు ఉంటుంది.

కోనసీమలో ఈ తంటా ఎక్కువగా చూస్తుంటాం. వైర్లను ఫ్రేముకు కట్టకుండా శ్లాబు మీద వదిలేస్తారు. వాన నీళ్లు నిలిచిన చోటే కనెక్టర్ నానుతుంటుంది. పైన కొబ్బరి మట్ట గాలికి ఊగుతూ వైరును రాస్తుంటుంది. ఇంకొందరు నీళ్లు పోకూడదని కనెక్టర్‌కు ఇన్సులేషన్ టేపు చుడతారు. లోపలికి పోయిన తేమ ఇక బయటికి రాదు. పాడైన కనెక్టర్‌ను కోసేసి కొత్తది వేయించాల్సిందే.

ఎర్రర్ పొద్దున్నే కాకుండా రోజంతా ఉంటే, అదీ పిడుగులు పడ్డ మర్నాటి నుంచి మొదలైతే, ముందు డీసీ బాక్సులో సర్జ్ ప్రొటెక్టర్ (పిడుగుల ఎక్కువ వోల్టేజీ నుంచి కాపాడేది) చూడమనండి. దాని చిన్న కిటికీలో పచ్చరంగు పోయి ఎరుపు వచ్చిందంటే అది పోయినట్టే.

ప్రశ్న: భీమవరం నుంచి రాస్తున్నాను. మధ్యాహ్నం పూట ఇన్వర్టర్ ‘ఆర్క్ ఫాల్ట్’ అని ఆగిపోతోంది. కాసేపటికి మళ్లీ నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఆ ఫీచర్‌ను యాప్‌లో ఆపేయొచ్చని ఇన్‌స్టాలర్ అంటున్నాడు. ఆపేయమంటారా?

జవాబు: వద్దు సార్. ఇది లీకేజీ గొడవ కాదు. లూజ్ కాంటాక్ట్‌లో నిప్పురవ్వ పుడుతోందని హెచ్చరిక. ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి రవ్వ ఆరిపోయే అవకాశం ఉంటుంది. డీసీ అలా సున్నాకు రాదు. ఒకసారి అంటుకుంటే మండుతూనే ఉంటుంది. ఎండ మండే వేళ ప్యానెళ్లలో కరెంటు ఎక్కువ, కాబట్టి మీకు మధ్యాహ్నం రావడం సహజమే.

మనిషి వచ్చేదాకా ఇన్వర్టర్‌ను ఆపి ఉంచండి. ముందు ఇంటి వైపు స్విచ్ అయిన ఏసీ ఎంసీబీ, తర్వాత ప్యానెళ్ల వైపు స్విచ్ అయిన డీసీ ఐసోలేటర్ ఆపాలి. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగారంటే ఆ లాగడంలోనే మంట వస్తుంది. ఆపాక వెతకమనాల్సింది ఒక కంపెనీ ప్లగ్‌ను ఇంకో కంపెనీ సాకెట్‌లో దూర్చిన చోట్లు. చూడ్డానికి చక్కగా పడతాయి, లోపల పట్టు మాత్రం సరిగా ఉండదు. సరైన క్రింపింగ్ టూల్ లేక కటింగ్ ప్లేయర్‌తో నొక్కేసిన పిన్నులు, డీసీ బాక్సులో వదులైన స్క్రూలు కూడా చూడాలి. గోధుమరంగుకు తిరిగిన ప్లాస్టిక్ కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఉత్తుత్తి అలారాలూ ఉంటాయి, కాదనను. కానీ కనెక్టర్లన్నీ చూసి, ఇన్వర్టర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక కూడా వస్తేనే ఆ మాట అనాలి. ఈలోపు కాలిన వాసన వస్తే దగ్గరికి వెళ్లకండి, నీళ్లు పోయకండి. 101కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మాది అంతర్వేది వైపు. వేసవిలో కాలువలు కట్టేశాక మా ఇన్వర్టర్ ‘గ్రౌండ్ ఎర్రర్’ చూపిస్తుంది. వానలు పడితే పోతుంది.

జవాబు: మొదటి ఉత్తరంలో ఎర్రర్ తేమ వల్ల వచ్చింది, మీకు తేమ లేక వస్తోంది. ఇసుక నేల ఎండిపోతే ఎర్త్ పిట్ సరిగా పనిచేయదు. ఇన్వర్టర్‌కు ఎర్త్ వైరే లేనట్టు అనిపిస్తుంది. పిట్‌లో నీళ్లు పోసి చూడండి. ఎర్రర్ పోతే కారణం అదే. తర్వాత ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి, 5 ఓములలోపు ఉండాలి. ఎక్కువ వస్తే రాడ్‌ను ఇంకా లోతుకు దింపించాలి. ఉప్పుగాలికి ఎర్త్ పట్టీ బోల్టు తుప్పు పట్టి ఉంటే ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు, కాబట్టి ముందు దాన్ని విప్పి చూడమనండి.