సూపర్‌ఛార్జర్ ఉన్న కారును గడ్డకట్టే చలిలో రోజూ నడపొచ్చా?

నడపొచ్చు. నిజానికి ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఈ సూపర్‌ఛార్జర్‌కి చల్లగాలి మేలే చేస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరి గాలి కంటే మైనస్ 20 దగ్గరి గాలి సుమారు 15 శాతం చిక్కగా ఉంటుంది. ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది, పవర్ పెరుగుతుంది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ టకటకలాడటం) భయం తగ్గుతుంది. కంపెనీ బిగించిన సూపర్‌ఛార్జరైతే కారు కంప్యూటరే సెన్సర్లు చూసుకుని ఇంధనం పెంచుతుంది. కారు కొన్నాక బయట సూపర్‌ఛార్జర్ కిట్ పెట్టించుకున్న కారులో ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు అప్పటికే పూర్తి సామర్థ్యంతో పనిచేస్తుంటే మాత్రం మిశ్రమంలో ఇంధనం చాలక పిస్టన్లు దెబ్బతినొచ్చు. ట్యూనింగ్ చలికి ముందే చూపించుకోండి.

అసలు చిక్కు ఆయిల్‌తో. చలికి అది చిక్కబడి భాగాలకు ఆలస్యంగా చేరుతుంది. మాన్యువల్ ఒప్పుకుంటే 0డబ్ల్యూ రకం (చలిలోనూ తేలిగ్గా పారే ఆయిల్) వాడండి. స్టార్ట్ చేసి అరగంట నిలబెట్టడం దండగ; ఒక నిమిషం ఆగి, మెల్లగా నడుపుతూ వేడెక్కనివ్వండి. టెంపరేచర్ ముల్లు మధ్యకు రాగానే తొక్కేయకండి. అది చూపేది కూలెంట్ వేడి. ఆయిల్ వేడెక్కడానికి ఇంకొన్ని నిమిషాలు పడుతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే.

నీళ్లతో చల్లబడే ఇంటర్‌కూలర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లార్చేది) ఉంటే దాని సర్క్యూట్ చాలా కార్లలో వేరుగా ఉంటుంది. అందులో ఉత్త నీళ్లుంటే గడ్డకట్టి పగిలిపోతుంది. యాంటీఫ్రీజ్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపితే దాదాపు మైనస్ 35 దాకా దిగుల్లేదు.

ఇక టైర్లు. సమ్మర్ టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల కిందికి వెళ్తే గట్టిపడుతుంది. సూపర్‌ఛార్జర్ టార్క్ వెంటనే అందుకుంటుంది కదా, వెనక చక్రాలతో నడిచే కారైతే తోక ఊపేస్తుంది. డబ్బు పెడితే ముందు వింటర్ టైర్ల మీదే పెట్టండి.