న్యూక్లియర్ సబ్‌మెరైన్ పనిలో వెల్డర్‌కు రేడియేషన్ భయం ఉంటుందా?

హన్మకొండలో ఐటీఐ చేసిన మీ తమ్ముడికి వైజాగ్‌లో సబ్‌మెరైన్ పని ఉందని కాంట్రాక్టర్ ఫోన్ చేశాడని, అణు రియాక్టర్ అనగానే అమ్మ ససేమిరా అంటోందని రాశారు.

నేను సబ్‌మెరైన్ మీద పని చేయలేదు. రామగుండంలో బాయిలర్ ట్యూబులతో మొదలుపెట్టి, తర్వాత గుజరాత్‌లో మందపాటి ప్లేట్లతో ప్రెషర్ వెసెల్స్, అంటే ఒత్తిడిని తట్టుకునే పెద్ద ట్యాంకులు చేసే షాపుల్లో వెల్డర్‌గా చేశాను. ఇప్పుడు కాజీపేటలో ఉంటున్నాను. అమ్మ భయమంతా రియాక్టర్ గురించి. మీ తమ్ముడు జాగ్రత్త పడాల్సింది వేరే చోట.

మన దేశంలో కట్టిన అణు సబ్‌మెరైన్ అరిహంత్ సంగతే చూడండి. దాని హల్, అంటే సబ్‌మెరైన్ బాడీ, భాగాలు గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ చేసింది, వైజాగ్ షిప్ బిల్డింగ్ సెంటర్‌లో వాటిని కలిపారు. 2009 జూలై 26న నీళ్లలోకి దింపారు. లోపలి 83 మెగావాట్ల రియాక్టర్‌లో చైన్ రియాక్షన్ మొదలైంది మాత్రం 2013 ఆగస్టులో. నేవీలో చేరింది 2016లో. అంటే హల్ వెల్డింగ్ అయిపోయిన ఏళ్లకు గానీ రియాక్టర్ నడవలేదు. వాడని యురేనియం ఇంధనం నుంచి వచ్చే రేడియేషన్ కూడా తక్కువే. రియాక్టర్ నడిచాక అందులో పుట్టే పదార్థాలతోనే అసలు ప్రమాదం. కాబట్టి ఒకసారి నడిచిన సబ్‌మెరైన్ రిపేరుకు పిలిస్తే అది వేరే లెక్క, ముందే అడిగి తెలుసుకోండి.

ఇక కొత్త హల్ పనిలో రేడియేషన్ అసలే ఉండదా అంటే, ఉంటుంది. అది ఆర్‌టీ దగ్గర, అంటే వెల్డింగ్‌ను ఫిల్మ్ తీసి చూసే చోట. రేడియేషన్ వదిలే ఇరిడియం-192 ముక్క ఒకటి బరువైన కెమెరా డబ్బాలో ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే కేబుల్ చివరన అది బయటికొచ్చి జాయింట్ దగ్గర ఆగుతుంది. వేడి ఉండదు, వాసన ఉండదు, చప్పుడు ఉండదు. అందుకే మనవాళ్లకు లెక్కలేదు. రాత్రి షిఫ్టులో తాడు కట్టి ఎర్ర లైటు పెడితే, టీ కోసం చుట్టూ తిరిగి వెళ్లలేక తాడు కింద నుంచి దూరిపోయినవాళ్లను నేను చూశాను. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకు పడిపోతుంది, ఆ తాడు కట్టేది అందుకే. నవ్వినా సరే, చుట్టూ తిరిగే వెళ్లమనండి.

ఇంత పరీక్ష ఎందుకంటే, హల్‌కు వాడే గట్టి స్టీల్‌కు హైడ్రోజన్ పడదు. వెల్డింగ్ రాడ్‌కు కాస్త తేమ ఉన్నా హైడ్రోజన్ లోహంలోకి దిగుతుంది. పైకి నున్నగా కనిపించే జాయింట్‌లో గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు పగులు వస్తుంది. అందుకే రాడ్లు ఓవెన్‌లోంచి వేడిగా తీసి వాడాలి, ప్లేటును ముందే వేడి చేయాలి. అలాంటి ప్లేటు మీద పడుకుని వెల్డింగ్ చేయడం మన ఎండాకాలం కన్నా దారుణం. చలికాలంలో మాత్రం బాగుంటుంది లెండి.

నన్నడిగితే అన్నిటికన్నా భయపడాల్సింది ఆర్గాన్‌కు. ఇరుకు చోట టిగ్ వెల్డింగ్, అంటే ఆర్గాన్ గ్యాస్ వదులుతూ చేసే వెల్డింగ్ చేస్తుంటే ఆ గ్యాస్ అడుగున చేరి ఊపిరికి ఆక్సిజన్ లేకుండా చేస్తుంది, గాలి కంటే బరువు. మాతో పనిచేసిన హెల్పర్ ఒకతను వెసెల్ లోపలికి దిగీదిగగానే కూలబడ్డాడు. బయట మనిషి కాపలా ఉన్నాడు కాబట్టి బతికాడు. ఆక్సిజన్ మీటర్ పెట్టి చూడకుండా, బయట కాపలా లేకుండా లోపలికి దిగనని మీ తమ్ముడు మొదటి రోజే చెప్పాలి. సూపర్‌వైజర్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

కాంట్రాక్టర్‌ను అడగాల్సినవి: పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, వెల్డింగ్ టెస్ట్ ఎవరి ఖర్చు, అందులో పాస్ కాకపోతే తిరుగు ప్రయాణం ఎవరిది. ఐటీఐ అయిన వెంటనే ఎవరికీ హల్ జాయింట్ ఇవ్వరు, మొదట్లో గ్రైండింగ్, సపోర్టుల పనే ఉంటుంది. ఆఫర్ కాగితంలో ‘వెల్డర్’ అని ఉందో, ‘హెల్పర్’ అని ఉందో చూసి ఇక్కడే రాయండి, జీతం సంగతి అప్పుడు మాట్లాడదాం.