ముందు రాతిని రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

జీబ్రా ప్లెకో అనే చేప మీద నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఆనకట్ట, అన్యాయం, అంతరించిపోవడం మొదటి పేరాలోనే వచ్చేశాయి గాని, చేప మాత్రం మూడో పేజీ దాకా కనబడలేదు. ఏది పోతున్నదో తెలియని పాఠకుడు దేని కోసం బాధపడతాడు?

కాబట్టి ముందు ఆ చేప బతికే రాతిని గురించి రాయి. బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో ఆల్టమీరా పట్టణం దాటాక షింగూ నది పెద్ద వంపు తిరుగుతుంది. వోల్టా గ్రాండే అన్న ఆ చోటి పేరుకు అర్థమే పెద్ద మలుపు. అక్కడ వెచ్చని తేటనీరు బండల మీదుగా ఉరవడిగా పారుతుంది. పొలుసులకు బదులు ఎముక పలకలను తొడుక్కున్న ఈ వేలెడంత నలుపు తెలుపు చారల చేప పగలంతా ఆ బండల పగుళ్లలో ఒదిగి ఉండి, చీకటి పడ్డాకే మేతకు కదులుతుంది. షింగూలో తప్ప మరే నదిలోనూ ఇది సహజంగా పుట్టదు. మన బొచ్చె చేప లక్షల్లో గుడ్లు పెడితే, ఇది పెట్టేవి పదో పదిహేనో. పిల్లలయ్యే దాకా మగచేప పగులులోనే ఉండి రెక్కలతో వాటికి నీరు విసురుతూ కాపలా కాస్తుంది. అక్వేరియం వ్యాపారానికి దొంగచాటుగా పట్టుకుపోవడం దీనికి ఎంత ప్రాణాంతకమో చెప్పడానికి ఈ ఒక్క పోలిక చాలు, విశేషణాలు అక్కరలేదు.

ఆనకట్ట ఆ తర్వాత రావాలి. షింగూ మీద కట్టిన బెలో మోంటే ఆనకట్ట 2016లో విద్యుదుత్పత్తి మొదలుపెట్టింది. అది నదీప్రవాహంలో 80 శాతం దాకా కాలువలోకి మళ్లించి, పెద్ద మలుపును పక్కన పెట్టి తీసుకుపోగలదు. ఆ మాట చెప్పి, నీరు తగ్గిన బండల దగ్గరికి పాఠకుణ్ణి మళ్లీ తీసుకెళ్లు. అక్కడి ఆదివాసులైన జురూనా ప్రజలు నీటిమట్టాన్ని, తమ వలల్లో పడే చేపలను తామే నమోదు చేసుకుంటున్నారు. నీ వ్యాసంలో వారి ఊసే లేకపోవడం పెద్ద లోటు.

మన చెరువుల్లో చేరి వలలు చింపే దెయ్యం చేపదీ ఇదే కుటుంబమని నీవు దాచనక్కరలేదు. ఒకప్పుడు నేను దాన్ని రాక్షసిగా చిత్రించి వ్యాసం రాశాను. అది పుట్టిన ఖండాన్ని, దాన్ని గాజుతొట్టెల కోసం ఇక్కడికి తెచ్చిన మనుషులను ఒక్క వాక్యంలోనైనా తలచుకోలేదని ఇప్పటికీ బాధపడుతున్నాను.

శాస్త్రీయనామం పెట్టిన 1991ని, అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం నియంత్రణ దీనిపై బిగిసిన 2022ని అలాగే ఉంచు. మూడో పేజీలోని మగచేపను, అది కాపలా కాసే రాతి పగులుతో సహా మొదటి వాక్యంలోకి తెచ్చి, తిరగరాసిన ప్రతిని నాకు పంపు.