ముష్కగోణిలో ముష్కరుడు

సందేహం: మా అబ్బాయి జీవశాస్త్రం పాఠంలో 'ముష్కగోణి' అని చదువుతుంటే నవ్వొచ్చింది. ఉగ్రవాదుల్ని పత్రికలు 'ముష్కరులు' అంటాయి కదా, ఈ రెండింటికీ సంబంధం ఉందా? శుక్రం, వీర్యం ఒకటేనా?

సమాధానం: సంబంధం ఉంది, అదీ దగ్గరి చుట్టరికమే. 'ముష్కోఽండకోశో వృషణః' అని అమరకోశం. ముష్కం అంటే వృషణం. గోణి మన గోనెసంచిలోని గోనే. ఇంగ్లీషువాడి గన్నీ కూడా ఇదే. శుక్రకణాలు తయారవడానికి ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండాలి, అందుకే ఆ సంచి బయట వేలాడుతుంది. చలికి ముడుచుకుంటుంది, ఉక్కకు సడలుతుంది. నన్నడిగితే గోనె అనను, చల్లగా ఉంచుతుంది గనక కూజా అనేవాణ్ణి.

ఇక ముష్కం. మూష అంటే ఎలుక, ముష్కం చిట్టెలుక. ఆకారం చూసి పెట్టిన పేరని భాషాశాస్త్రజ్ఞుల మాట. లాటిన్‌వాళ్లు కండరాన్ని చిట్టెలుక అన్నారు, మజిల్ అక్కడిదే. మన చిట్టెలుక పారశీకానికి పోయి ముష్క్ అయింది, అంటే కస్తూరి. మగ కస్తూరి మృగం పొట్ట కింది గ్రంథి అలా ఉంటుంది మరి. మస్క్ అత్తరు పూసుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పకండి.

పాణిని ఊష, సుషి, ముష్క, మధు అనే నాలుగింటికి 'ర' చేర్చమన్నాడు. మధువు ఉన్నది మధురం, ముష్కాలు ఉన్నది ముష్కరం. వ్యాఖ్యాతలు దీనికి ఇచ్చిన ఉదాహరణ పశువు, మనిషి కాదు. అంటే విత్తు కొట్టని ఆబోతన్నమాట. పొగరెక్కి చేల మీద పడే ఆబోతు నుంచే మనకు దుర్మార్గుడనే అర్థం వచ్చి ఉంటుందని నా ఊహ. ముష్ ధాతువుకు దొంగిలించడమనే అర్థమూ ఉంది, అటునుంచి వాదించేవారితో పోట్లాడను.

నా కోపమంతా విలేకరుల మీద. తుపాకీ పట్టిన ప్రతివాణ్ణీ ముష్కరుడంటారు, అదే పేజీలో దెబ్బ వృషణాలకు తగిలితే 'మర్మాంగం' అని ముసుగేస్తారు. ఉన్న మాట రాయడానికి అంత టెన్షన్ ఎందుకు? ఆయుర్వేదంలో మర్మమంటే ప్రాణస్థానం, గుండె కూడా మర్మమే!

శుక్రం, వీర్యం నిఘంటువుల్లో ఒకటే. పాఠంలో వేరు: వృషణంలో పుట్టేవి శుక్రకణాలు, శుక్రాశయాలూ పౌరుష గ్రంథీ (ప్రొస్టేట్) ద్రవాలు కలిపాక వీర్యం. వేసెక్టమీలో, అంటే మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో, శుక్రవాహికలు కోసినా వీర్యం ఆగదు, కొన్నాళ్లయ్యాక అందులో కణాలే ఉండవు. 'వీర్యకణం' అనే మాట నాకు గిట్టదు గానీ, తప్పని కొట్టేయలేను.