సింబల్స్ పట్టిన మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

బ్యాండులో సింబల్స్ వాయించి కమిలిపోయిన నీ చేతుల ఫోటోలు చూశాను. అంతకుముందే మీ అమ్మ ఫోను చేసి, "అన్నయ్యా, పిల్ల చేతులు ఎవరో చితకబాదినట్టున్నాయి, ఈ బ్యాండు మాన్పించేస్తాను" అని గోల పెట్టింది. మాన్పించనక్కర్లేదని నచ్చజెప్పాను. కానీ ఫోటోల కింద నువ్వు "సింబల్స్ వాయించేవాళ్లకు ఇవి మామూలే మామయ్యా" అని రాశావు చూడు, అది మాత్రం నాకు మింగుడు పడలేదు. మామూలువి కొన్ని ఉంటాయి, కానివి కొన్ని ఉంటాయి. ఏది ఏదో తెలియాలంటే మచ్చ ఎక్కడుందో చూడాలి.

ముందు ముంజేతి సంగతి. మోచేతికి కాస్త కిందగా, వంపు తిరిగి, ఊదారంగులో సన్నని గీత ఉంది. అది పళ్లెం అంచు, సింబల్స్ అంటే ఒకదానితో ఒకటి తాకించి వాయించే రెండు కంచు పళ్లేలే కదా. తోలు పట్టీలోంచి చెయ్యి దూర్చి, మెలిపెట్టి, మధ్యలో ఉన్న బుడిపెకు చేతిని ఆనించి పట్టుకోవడం మీకు నేర్పారు. గార్ఫీల్డ్ గ్రిప్ అంటారు దాన్ని. నడుస్తూ వాయించేవాళ్లకు మంచి పట్టే. కచేరీల్లో కూర్చునే బృందాలవాళ్లు పట్టీలోకి చెయ్యి దూర్చకుండా వేళ్లతోనే పట్టుకుంటారు, వాళ్లకు ఈ గీత పడదు. నీ పట్టులో పళ్లెం వెనకభాగం ముంజేతి మీదికి ఆనుతుంది కాబట్టి అక్కడ చర్మం కొంత ఎర్రబడటం సహజం. గీత పడటం సహజం కాదు. మణికట్టు వదులైతే దెబ్బ వేసిన ప్రతిసారీ పళ్లెం వెనక్కి వాలి అంచుతో కొడుతుంది. 18 అంగుళాల కంచు పళ్లెం ఒక్కోటి కిలోన్నర అటూ ఇటూ తూగుతుంది, అది వందసార్లు అదే చోట పడితే చెయ్యి కమలక ఏమవుతుంది? మణికట్టు, ముంజెయ్యి ఒకే వరసలో బిగించి ఉంచు. వేళ్లు మాత్రం బిగించకు.

పట్టీ ముడి కూడా చూసుకో. సగం నేరం దానిదే అయి ఉంటుంది. పట్టీ నాలుగు కొసలూ ఒకదానికొకటి అల్లుకుని, పళ్లెం లోపలి గుంటలో బల్లపరుపుగా కూర్చోవాలి. వదులైతే పళ్లెం ఊగుతుంది, ఊగే పళ్లెం ఎంత చక్కని పట్టులోనైనా కొడుతుంది. పాతబడిన తోలు బుడిపె కన్నం దగ్గర ముందు పగులుతుంది. నడుస్తుండగా తెగితే కిలోన్నర కంచు కాలి మీదే పడుతుంది.

భుజం కింద కండ మీది మచ్చలు వేరే కథ. దెబ్బ వేశాక పళ్లేలను బయటికి తెరిచేటప్పుడు నువ్వు మోచేతులు పక్కటెముకలకు అంటించేస్తున్నావు. పళ్లేనికి తిరగడానికి చోటు లేక నీ కండనే వెతుక్కుంటోంది. మోచేతులు ఒంటికి జానెడు దూరంలో ఉంటే ఆ మచ్చలు ఆగిపోతాయి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒరుసుకుపోయిన చోటును పట్టించుకోకు, తోలు కొత్తది కాబట్టి అంతే. అక్కడ కాయలు కాస్తాయి. అంతవరకూ అభ్యాసానికి ముందే గుడ్డ ప్లాస్టరు చుట్టుకో, పుండు పడ్డాక కాదు.

ఇక దెబ్బ గురించి. మీవాళ్లు చేతులు బారచాపి, బలమంతా పెట్టి కొడుతున్న వీడియో చూశాను. చప్పుడు పెద్దది రాలేదు, "బొప్" మని చచ్చింది. రెండు అంచులూ ఒకేసారి, సరిగ్గా ఎదురెదురుగా తాకితే మధ్యలో గాలి ఇరుక్కుని పళ్లేలు అతుక్కుపోతాయి. పిల్లలు అది బలం చాలక అనుకుని ఇంకా గట్టిగా కొడతారు, ఒళ్లు హూనం చేసుకుంటారు. ఒక పళ్లెం రెండోదానికంటే అంగుళం కిందికో పైకో ఉండాలి. కింది అంచు వెంట్రుకవాసి ముందు తాకాలి, వెనువెంటనే మిగతాది. ఎడమ పళ్లెం కాస్త వాలుగా దాదాపు కదలకుండా ఉంటే, కుడిదాన్ని దాని బరువుతోనే దిగనివ్వు. తాకగానే విడిపోవాలి. నాదం పళ్లెంలో ఉంది, నీ భుజంలో లేదు. అద్దం ముందు, పళ్లేలు లేకుండా, ఉత్త చేతులతో ఈ దారిని నిదానంగా చేసి చూసుకో. మీ ఇంట్లో వాళ్లు నవ్వితే నవ్వనీ.

చప్పుడు ఆపాల్సి వచ్చినప్పుడు అంచులను పొట్ట పైభాగానికి, ముంజేతులకు ఆనించాలి, ఛాతీకి గుద్దకూడదు. పొట్ట బిగించి పట్టు. యూనిఫాం బెల్టు బకిల్ తగలకుండా చూసుకో, ఎందుకంటే కంచు మీద గీతలు పడతాయి, ఆపాల్సిన చప్పుడుకు బదులు గలగల వినిపిస్తుంది. తొడ మీది మచ్చకు కారణం నడకలో పళ్లేలను వేలాడదీయడమే. నిమిషానికి 120 అడుగుల కవాతులో మోకాలు పైకి లేచిన ప్రతిసారీ అంచు తగులుతుంది. వాయించనప్పుడు కూడా నడుము ఎత్తులో, నిలువుగా, పక్కలకు పట్టుకో.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన దగ్గర ఏ వాయిద్యమూ రానివాడి చేతిలో సింబల్స్ పెడతారు. పోలీసు బ్యాండులో ఉన్నన్నాళ్లూ ఇదే చూశాను. క్లారినెట్‌కు నెలల తరబడి పాఠం, సింబల్స్‌కు "పెద్ద డ్రమ్మును చూసి కొట్టు" అన్న ఒక్క ముక్క. ఆ ముక్క నిజమే. టర్కీ సైనిక మేళాల నుంచి యూరప్ సైన్యాలకు వెళ్లిన నాటి నుంచీ ఈ రెండూ జంటగానే నడుస్తున్నాయి, డ్రమ్మువాడి కర్ర మీదే నీ చూపుండాలి. కానీ అది తాళానికి సరిపోతుంది, పట్టుకు సరిపోదు. మచ్చలను పతకాల్లా ఫోటోలు తీసి పంచుకునే అలవాటు అక్కడే పుట్టింది. నేర్పేవాడు లేకపోతే దెబ్బలే గొప్ప అనిపిస్తాయి మరి.

ఇప్పుడున్న మచ్చలకు ఐసును గుడ్డలో చుట్టి పావుగంట పెట్టు, చర్మానికి నేరుగా తగలనివ్వకు. మీ అమ్మ వేడి కాపడానికి సిద్ధమవుతుంది, మొదటి రెండు రోజులూ వద్దను. బామ్ రాసి గట్టిగా మర్దనా కూడా వద్దు. ఊదా తర్వాత ఆకుపచ్చ, ఆపైన పసుపు తిరిగి, రెండు వారాల్లో పోతుంది. రంగులు మారితే మానుతోందని లెక్క. వేళ్లు తిమ్మిరెక్కినా, మచ్చ గడ్డలా గట్టిపడి పెరుగుతున్నా వాయించడం ఆపి డాక్టరుకు చూపించు. ఇవి వానాకాలపు రోజులు. జ్వరంతోపాటు ఏ దెబ్బా తగలని చోట మచ్చలు వచ్చినా, చిగుళ్లలో రక్తం కనిపించినా సింబల్స్ మీద నెపం వేసి ఊరుకోవద్దు. డెంగీ కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి మాత్రలు సొంతంగా మింగకు, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ అసలే వద్దు.

చెవుల్లో పత్తి పెట్టుకుంటున్నానన్నావు. దానివల్ల పెద్దగా ఉపయోగం లేదు. మందుల షాపులో నురగ ఇయర్ ప్లగ్గులు దొరుకుతాయి. విరామంలో పళ్లేలను ఎండలో వదిలేయకు, గుంటూరు ఎండకు అవి కాలిన పెనమై కూర్చుంటాయి. సిమెంటు నేల మీద అంచుతో నిలబెట్టకు, పగులుతాయి.

ఆగస్టు 15కు ఇంకా వ్యవధి ఉంది. ఈ వారం పళ్లేలు ముట్టుకోకుండా డ్రమ్ము పక్కన ఉత్త చేతులతో నడువు, మీ మాస్టారు ఏమైనా అంటే నాకు ఫోను చేయమను. ఆదివారం పొద్దున్న బస్సుకు విజయవాడ వచ్చేయ్. పళ్లేలు తప్పకుండా తెచ్చుకో, కొత్త తోలు పట్టీలు నేను కొని ఉంచుతాను. ముడి నీచేతనే వేయిస్తాను.

మీ మామయ్య