తుపాకీ మోగితే ఎల్క్‌లు ఎటు పోతాయి?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఉంటాడు. నిరుడు సెప్టెంబరులో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి తీసుకెళ్లాడు. సాయంత్రం పూట మైదానం నిండా ఎల్క్‌లు, అంటే అక్కడి పెద్ద జింకలు, మేస్తున్నాయి. అక్టోబరు చివర్లో పార్కు బయటి అడవిలో పదింటి నుంచి మధ్యాహ్నం దాకా తిరిగినా ఒక్కటీ కనపడలేదు. గిట్టల గుర్తులు మాత్రం తాజాగా ఉన్నాయి. దారంతా నారింజ రంగు కోట్లేసుకున్న వేటగాళ్లే. అన్నిటినీ చంపేశారేమోనని మనసు పాడైంది.
– ఒక పాఠకురాలు, కొత్తపేట

జవాబు: అమ్మా, దిగులు పడకండి. కొలరాడోలో ఎల్క్‌లు రెండున్నర లక్షలకు పైనే ఉన్నాయి. ఆ రోజు మీ కంటికి కనపడకుండా తప్పుకున్నాయంతే. ఎందుకో చెప్పాలంటే ముందు వాటి పొట్ట సంగతి చెప్పాలి.

నేను జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ వీలైనప్పుడల్లా చిలుకూరు దగ్గరి మృగవనికి వెళ్తుంటాను. అక్కడి కణుజులు (సాంబార్ జింకలు) ఎల్క్‌లకు దగ్గరి చుట్టాలే. ఒక ఎండాకాలం, నీడలో పడుకున్న ఆడ కణుజుని బైనాక్యులర్స్‌లో చాలాసేపు చూశాను. మెడ అడుగు నుంచి ఒక ముద్ద చర్మం కింద ఉబ్బెత్తుగా పైకి జారింది. దవడ పక్కలకి తిప్పుతూ నమిలింది, మింగింది, కాసేపాగింది. మళ్లీ ఇంకో ముద్ద. చెవులు మాత్రం క్షణం ఊరుకోలేదు.

ఎల్క్ దినచర్య కూడా ఇదే. తెల్లవారుజామున, మునిమాపు వేళ బయటికొచ్చి మేస్తుంది. పొద్దెక్కేసరికి చెట్ల చాటుకు చేరి నెమరు వేస్తుంది. ఒళ్లంతా దట్టమైన బొచ్చు కదా, ఎండ దానికి అసలు పడదు. మీరు పదింటికి వెళ్లడంతోనే సగం అవకాశం పోయింది.

మిగతా సగం వేట వల్ల పోయింది. అక్కడ సెప్టెంబరులో విల్లుతో వేటాడతారు, అక్టోబరు మధ్య నుంచి రైఫిళ్లు దిగుతాయి. నేషనల్ పార్కులో వేట లేదు కనుక అక్కడ నిబ్బరంగా మేశాయి. బయట అడవిలో మనుషుల అలికిడి పెరగగానే రోడ్లకు దూరంగా, నిటారు వాలుల్లోకి, దట్టమైన చెట్లలోకి వెళ్లిపోతాయి. వేటగాళ్లను రానివ్వని ప్రైవేటు పశువుల ఫారాల్లోకీ చేరతాయి. మేత చాలావరకు రాత్రికి మారుతుంది. మీరు చూసిన గుర్తులు ముందు రాత్రివే అయ్యుంటాయి.

నన్ను బాగా కదిలించినది కెనడాలోని ఆల్బర్టాలో తేలిన విషయం. ఆడ ఎల్క్‌లకు జీపీఎస్ కాలర్లు కట్టి ఏళ్ల తరబడి గమనించారు. వయసు పెరిగేకొద్దీ అవి వేట రోజుల్లో తక్కువ తిరిగాయి, రోడ్ల వైపు పోవడం మానేశాయి. విల్లు వేటకో రకంగా, రైఫిల్ వేటకో రకంగా చోటు మార్చాయి. తొమ్మిది పదేళ్లు దాటినవి వేటగాళ్లకు దాదాపు చిక్కలేదు. తెగించి తిరిగేవి ముందే చనిపోవడం ఒక కారణమైతే, బతికినవి అనుభవంతో నేర్చుకోవడం రెండోది. అడవిలో ముసలి ఆడ ఎల్క్‌ని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

ఈ జాగ్రత్తకి అవి మూల్యం చెల్లిస్తున్నాయమ్మా. చలికాలానికి ముందు కొవ్వు పట్టాల్సిన రోజుల్లోనే మంచి గడ్డి వదులుకుని పొదల్లో నక్కాలి. ఆడవాటికి అప్పుడే చూలు నిలుస్తుంది, ఈనేది మళ్లీ మే చివర్లోనో జూన్‌లోనో. వేటగాళ్లు ఒక్కదాన్నీ కొట్టకుండా వెళ్లిపోయినా ఆ మందకి నష్టం తప్పదు.

మీ ఇంటికి దగ్గర్లోనే వనస్థలిపురం హరిణ వనస్థలి ఉంది. నిజాం కాలంలో అది వేట మైదానం, ఇవాళ కృష్ణజింకలకు రక్షిత వనం. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మన దగ్గర వాటి వేట నేరం. పొద్దున్నే వెళ్లి నిశ్శబ్దంగా కూర్చుని చూడండి.

ఈసారి అబ్బాయి దగ్గరికి వెళ్తే మాత్రం తెల్లవారకముందే బయల్దేరండి. సెప్టెంబరులో మగ ఎల్క్‌లు ఎదకొచ్చి మీదికి ఉరుకుతాయి. ఆ పార్కులో కనీసం 75 అడుగుల దూరం పాటించాలన్నది నియమం. ఫోటో కోసం మనవళ్లని ముందుకు పంపకండి.